‘ఈఫస్’ సినిమా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సినిమా చూడమని ఎవరికి చెప్పినా నాకు ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఇవే. కొన్నింటికి ఒక్క వాక్యం చాలు, కొన్నింటి దగ్గర నేనే ఆగలేకపోయాను. దాచిపెట్టవలసిన మలుపులు కథలో పెద్దగా లేవు కాబట్టి సినిమా చూడనివారు కూడా ధైర్యంగా చదవవచ్చు. ఆట ఫలితం మాత్రం చెప్పలేదు.

ఇది ఎవరి సినిమా, ఎప్పుడు వచ్చింది?

‘ఈఫస్’ 2024 నాటి అమెరికన్ సినిమా. దర్శకుడు కార్సన్ లండ్. అంతకుముందు ఛాయాగ్రాహకుడిగా పనిచేసిన లండ్‌కు దర్శకుడిగా ఇదే మొదటి పూర్తి నిడివి చిత్రం. రచనలో ఆయనతోపాటు మైకేల్ బాస్టా, నేట్ ఫిషర్ ఉన్నారు. 2024 మే నెలలో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవ సమయంలో, డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ విభాగంలో తొలిసారి ప్రదర్శించారు. అమెరికా థియేటర్లకు 2025 మార్చిలో వచ్చింది. నిడివి 98 నిమిషాలు, అంటే మన సినిమాలో విశ్రాంతి తర్వాత మొదటి పాట వచ్చే సమయానికి ఇది అయిపోతుంది.

కథ ఏమిటి?

1990ల్లో ఒక అక్టోబరు ఆదివారం. అమెరికా ఈశాన్యాన మసాచుసెట్స్ రాష్ట్రంలోని డగ్లస్ అనే చిన్న ఊరు. అక్కడ సోల్జర్స్ ఫీల్డ్ అనే మైదానం. ఏళ్ల తరబడి అక్కడ వారాంతాల్లో బేస్‌బాల్ ఆడుకుంటున్న రెండు జట్లు, అడ్లర్స్ పెయింట్, రివర్‌డాగ్స్, ఆ రోజు చివరి ఆట ఆడతాయి. త్వరలో ఆ స్థలంలో బడి కడతారు. అంతే. పొద్దున్న మొదలైన ఆట చీకటి పడ్డాక కూడా తెమలదు. సినిమా ఆ ఆట వెంటే నడుస్తుంది, మైదానం దాటి దాదాపు ఎక్కడికీ పోదు.

ఆడేవాళ్లలో పొట్టలు వచ్చినవారున్నారు, మోకాళ్లు పట్టేసినవారున్నారు, పెళ్లీపిల్లల మధ్య ఆదివారాన్ని లాక్కుని వచ్చినవారున్నారు. కాలేజీ వయసు కుర్రాళ్లూ ఉన్నారు. ఎవరికీ దీనివల్ల ఒక్క డాలరు రాదు.

‘ఈఫస్’ అంటే అర్థం ఏమిటి?

అదొక బంతి పేరు. బేస్‌బాల్‌లో పిచర్ గంటకు 90 మైళ్ల వేగంతో విసిరే బంతికి బ్యాటర్ అలవాటుపడి ఉంటాడు. అలాంటివాడికి ఉన్నట్టుండి గాల్లోకి ఎత్తుగా లేపి, బద్ధకంగా దిగే బంతి వేస్తే ఏమవుతుంది? ముందే ఊపేస్తాడు, లేదా ఊపాలో వద్దో తేల్చుకోలేక బిగుసుకుపోతాడు. అదే ఈఫస్. క్రికెట్ చూసేవాళ్లకు దగ్గర పోలిక కావాలంటే, ఫాస్ట్ బౌలర్ అదే పరుగుతో వచ్చి చిన్నపిల్లలకు వేసినట్టు ఎత్తుగా ఫుల్‌టాస్ వదిలాడనుకోండి.

దీన్ని ప్రసిద్ధం చేసినవాడు పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచర్ రిప్ సూయెల్. 1941 డిసెంబరులో వేటకు వెళ్లి కాలికి తుపాకి గాయం చేసుకున్నాడు. పాత పద్ధతిలో కాలు మోపి విసరలేక కొత్త తీరు వెతుక్కున్నాడు. ఆ వెతుకులాటలో దొరికిందే ఈ బంతి. పేరు పెట్టింది అదే జట్టు ఆటగాడు మారిస్ వాన్ రోబేస్. ఈఫస్ అంటే ఏమీ లేదనీ, ఇది కూడా ఏమీ కాని బంతేననీ అన్నాడట. హీబ్రూలో సున్నాను ‘ఎఫెస్’ అంటారు, పేరు అక్కడి నుంచి వచ్చిందని కొందరి ఊహ.

1946లో లీగుల మేటి ఆటగాళ్లంతా కలిసి ఆడే ఆల్‌స్టార్ ఆటలో, బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో, సూయెల్ వేసిన ఇదే బంతిని బోస్టన్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ కంచె దాటించాడు. ఆ దెబ్బను అక్కడివాళ్లు ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు.

సినిమాలో ఈ బంతి సంగతి వివరించే ఆటగాడి వేషం వేసింది రచయితల్లో ఒకడైన నేట్ ఫిషరే. గాల్లో అలా ఆగిపోయినట్టు ఉంటుందనీ, చూస్తూ ఉండగానే దాటిపోతుందనీ చెబుతాడు. సినిమా నడక కూడా అంతే. ఏమీ జరగడం లేదే అనుకుంటూ ఉంటాం, తల ఎత్తేసరికి సూర్యుడు చెట్ల వెనక్కి పోయి ఉంటాడు.

నాకు బేస్‌బాల్ రాదు. అర్థమవుతుందా?

క్రికెట్ తెలిసినవాళ్లకు సగం పని అయినట్టే. జట్టుకు తొమ్మిది మంది. తొమ్మిది ఇన్నింగ్స్. ప్రతి ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ చెరోసారి బ్యాటింగ్ చేస్తాయి, ముగ్గురు అవుట్ కాగానే వంతు మారుతుంది. బ్యాటర్ ఊపి తప్పినా, మంచి బంతిని ఊపకుండా వదిలేసినా అది స్ట్రైకు; మూడు స్ట్రైకులైతే అవుట్. పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ ఉచితంగా మొదటి బేస్‌కు నడిచి వెళ్తాడు, దాన్ని వాక్ అంటారు. నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. ఈమాత్రం చాలు.

ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోవాలి, ఎందుకంటే సినిమా మొత్తం దాని మీదే నిలబడింది. బేస్‌బాల్‌లో మామూలుగా డ్రా ఉండదు. వెలుతురు చాలడం లేదని టెస్టు మ్యాచ్ ఆపేసి, చేతులు కలుపుకుని ఇంటికి వెళ్తారు కదా, ఇక్కడ ఆ మర్యాద లేదు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక పరుగులు సమానంగా ఉంటే పదోది, పదకొండోది ఆడాలి. ఓవర్లకు లెక్క లేదు, గడియారం లేదు. బంతికీ బంతికీ మధ్య ఇన్ని సెకన్లే అనే గడియారాన్ని అమెరికా పెద్ద లీగ్ 2023లో గానీ పెట్టలేదు. ఈ కథ నాటికి పిచర్ టోపీ సర్దుకుంటే సర్దుకున్నంతసేపు. ఇంటికి వెళ్లడం ఇష్టంలేని మనుషులకు ఇంతకంటే అనువైన ఆట దొరకదు.

మైదానాన్ని లాక్కుంటున్నది ఎవరు? పోరాటం ఉంటుందా?

ఉండదు. షాపింగ్ మాల్ కడుతుంటే తిట్టుకోవచ్చు, రాజకీయ నాయకుడు కబ్జా చేస్తే ధర్నా చేయవచ్చు. ఇక్కడ వస్తున్నది బడి. బడి వద్దని ఎవరంటారు? కోపం చూపించడానికి మనిషి దొరక్కపోవడమే వీళ్ల ఇబ్బంది. అందుకే ఆ కోపం అంపైర్ మీదికీ, ఆలస్యంగా వచ్చినవాడి మీదికీ, మధ్యలో లేచి వెళ్లిపోయినవాడి మీదికీ పోతుంది.

‘గోల్కొండ హైస్కూల్’ లాంటిదేనా?

పోలిక సహజమే. 2011లో మోహనకృష్ణ ఇంద్రగంటి తీసిన ఆ సినిమాలోనూ మైదానం పోయే ప్రమాదం ఉంది. అయితే అక్కడ పిల్లల జట్టు గెలిస్తే మైదానం నిలుస్తుంది, అందుకే చివరి మ్యాచ్‌లో మన గుండె దడదడలాడుతుంది. ‘ఈఫస్’లో ఏ జట్టు గెలిచినా బుల్డోజరు రావడం ఖాయం. గెలుపుకు ఆ బరువు తీసేశాక ఆటలో ఏం మిగులుతుందో చూడటమే లండ్ చేసిన పని.

మరో మైదానం వెతుక్కుని ఆడుకోవచ్చు కదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. సినిమాలోనూ వస్తుంది. కాస్త దూరంలో వేరే మైదానం ఉంది, కారులో వెళ్లవచ్చు. అయినా వెళ్లరని వాళ్ల మాటల్లోనే తెలిసిపోతుంది. ఏవో సాకులు చెబుతారు, వంకలు పెడతారు. మొదటిసారి చూసినప్పుడు నాకు చిరాకు వేసింది. ఇంత ప్రాణం పెట్టి ఆడేవాళ్లు అరగంట కారు నడపలేరా అనిపించింది.

తర్వాత మా సంగతి గుర్తొచ్చింది. ఇరవై అయిదేళ్ల వయసులో నేను ఒక ఆదివారం జట్టులో ఆడేవాణ్ని. టెన్నిస్ బంతి, అరిగిపోయిన పిచ్, అవతలి వైపు నీళ్ల ట్యాంకు. మా వికెట్లు తెచ్చే బాధ్యత ఒకాయనది. స్కూటర్ ముందుభాగంలో, కాళ్ల మధ్య, గోనెసంచిలో మూడు వికెట్లు నిలబెట్టుకుని సరిగ్గా ఆరున్నరకు వచ్చేవాడు. ఆయన భుజం ఎలా తిరిగితే బంతి లోపలికి వస్తుందో నాకు తెలుసు. ఏ ఆఫీసులో పనిచేసేవాడో మాత్రం తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఒక వేసవిలో ఆ స్థలానికి ప్రహరీ కట్టారు. బస్సు ఎక్కితే నాలుగు స్టాపుల అవతల ఇంకో మైదానం ఉంది. వచ్చే ఆదివారం అక్కడ కలుద్దామని అందరం అనుకున్నాం. ఆ ఆదివారం నేను వెళ్లలేదు. మిగిలినవాళ్లూ వెళ్లలేదని చాలా రోజుల తర్వాత బజారులో కలిసిన ఒకడు చెప్పాడు. ఇద్దరం నవ్వుకుని, టీ తాగి విడిపోయాం.

సినిమాలోవాళ్లకూ మైదానం దొరకక కాదు. వెళ్లాలని అనుకోకుండానే కాళ్లు తీసుకుపోయే చోటు ఒకటి ఉంటుంది. అది పోతే, ఆ తర్వాత కలవడానికి ఎవరో ఒకరు నోరు తెరిచి ‘నిన్ను చూడాలని ఉంది, రా’ అని అడగాలి. ఆ మాట ఈ మనుషుల నోట రాదు.

మగవాళ్ల స్నేహం మీద సినిమా అంటారు. స్నేహం గురించి ఒక్క మాటైనా లేదే?

లేదు. అదే ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది. మనకు స్నేహం అంటే తెర మీద ప్రాణాలివ్వాలి, వానలో కౌగిలించుకోవాలి, కనీసం ఒక పాటైనా ఉండాలి. ఇక్కడ ఒకరినొకరు వెక్కిరించుకుంటారు. పొట్ట గురించి, పరుగు గురించి, వదిలేసిన క్యాచ్ గురించి. చివరి రోజున కూడా ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఇవ్వబోయినవాడి మాట మధ్యలోనే తేలిపోతుంది. సెలవు తీసుకోవడం రాని మనుషులు ఇంకో ఇన్నింగ్స్ ఆడతారు.

రెండు జట్ల మధ్య శత్రుత్వమూ అలాంటిదే. పైకి బద్ధవైరం. కానీ ఇన్నేళ్లుగా ఆదివారం ఆదివారం ఎదురుగా నిలబడి ఆడిన మనిషి మీకు అన్నదమ్ముడి కంటే ఎక్కువసార్లు కనిపించి ఉంటాడు. ఎదుటి జట్టు లేకపోతే ఆటే లేదు కదా.

మధ్యలో వెళ్లిపోయేది ఎవరు?

ఎడ్. అడ్లర్స్ పెయింట్‌లో పెద్ద పిచర్, నోరూ పెద్దదే. ఆ వేషం కీత్ విలియం రిచర్డ్స్ వేశాడు. ఇంట్లో చిన్నపిల్లకు బాప్టిజం ఉందని బంధువు వచ్చి లాక్కుపోతాడు. అంత ముఖ్యమైన ఆటను శుభకార్యం కోసం వదిలి వెళ్లవలసి రావడం చూసి నవ్వొస్తుంది. మన వైపు అన్నప్రాశనకు వెళ్లక తిట్లు తిన్న ఏ క్రికెటర్‌కైనా ఇది బాగా తెలిసిన కష్టం.

ఫ్రానీ ఎవరు? ఆడడు కదా, అతనికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

ఫ్రానీ స్కోరు రాసే పెద్దాయన. మైదానం పక్కన బల్ల వేసుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాడు. ఆ జట్ల ఆటలకు ఆయన రాసిందే చరిత్ర, వేరే ఎక్కడా అది లేదు. క్లిఫ్ బ్లేక్ నటించాడనడం కంటే అక్కడ కూర్చున్నాడనాలి.

బేస్‌బాల్ స్కోరు పుస్తకం చూడనివాళ్ల కోసం రెండు మాటలు. మైదానంలో ఒక్కో స్థానానికీ ఒక్కో అంకె ఉంటుంది. పిచర్ 1, క్యాచర్ 2, అలా తొమ్మిది దాకా. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడేవాడు, అంకె 6) బంతి ఆపి రెండో బేస్ దగ్గరివాడికి, అతను మొదటి బేస్ దగ్గరివాడికి విసిరి ఇద్దర్ని అవుట్ చేస్తే పుస్తకంలో 6-4-3 అని పడుతుంది. మూడు స్ట్రైకులతో అవుటైతే ఆంగ్ల అక్షరం ‘కే’. బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరాన్ని తిప్పి రాస్తారు. తెలిసినవాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత ఆ పేజీ తెరిచినా ఆటను బంతి బంతిగా మళ్లీ చూడగలరు. మన స్కోరు పుస్తకంలో మెయిడెన్ ఓవర్ వస్తే ఆరు చుక్కల్ని కలిపి ఆంగ్ల ‘ఎమ్’ గీస్తారే, అలాంటి ముచ్చట.

సాయంత్రానికి అంపైర్లు తమ సమయం అయిపోయిందని వెళ్లిపోతారు. వాళ్లకిది కూలి పని, చీకట్లో నిలబడమని ఎవరు అడగగలరు? అప్పుడు ఫ్రానీని లేపి అంపైర్‌గా నిలబెడతారు. అన్నేళ్లు పక్కన కూర్చుని రాసిన మనిషి ఆఖరి రోజున గీత దాటి లోపలికి అడుగుపెడతాడు.

చీకట్లో ఎలా ఆడతారు?

అక్కడ ఫ్లడ్‌లైట్లు లేవు. కార్లను మైదానం వైపు తిప్పి హెడ్‌లైట్లు వేస్తారు. ఆ వెలుతురులో మనుషుల నీడలు పొడుగ్గా పడతాయి, పైకి లేచిన బంతి మాత్రం నల్లటి ఆకాశంలో మాయమవుతుంది. క్యాచ్ పట్టేవాడు చూపుతో కాదు, శబ్దంతో, అంచనాతో పరుగెత్తాలి. సినిమాలో నాకు బాగా నవ్వు తెప్పించిందీ, నవ్వుతూ ఉండగానే గొంతు పట్టేసిందీ ఇక్కడే. గెలుపు కోసం ఎవరూ ఇంత కష్టపడరు. బంతి కనిపించకపోయినా ఎవడూ ‘ఇక చాల్లే’ అనే మొదటివాడు కాదలచుకోడు.

ఎక్కడి నుంచో వచ్చి బంతి వేసి వెళ్లిపోయే ఆ ముసలాయన ఎవరు?

నిజమైన పిచర్ బిల్ లీ. ‘స్పేస్‌మన్’ అని ముద్దుపేరు. 1969 నుంచి 1978 దాకా బోస్టన్ రెడ్ సాక్స్‌కు, తర్వాత 1982 దాకా మాంట్రియల్ ఎక్స్‌పోస్‌కు ఆడాడు. 1946 డిసెంబరులో పుట్టాడు, లెక్క వేసుకోండి. 2012లో, 65 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని ఒక చిన్న లీగులో పూర్తి ఆట పిచ్ చేసి గెలిచాడు.

ఆయన్నే ఎందుకు పెట్టారంటే, ఈఫస్ వల్ల న్యూ ఇంగ్లండ్ (మసాచుసెట్స్ ఉన్న ఈశాన్య ప్రాంతం) గుండె పగిలింది ఒకసారి ఆయన చేతి మీదుగానే. 1975 వరల్డ్ సిరీస్, అంటే అమెరికా పెద్ద లీగ్ ఫైనల్ పోరు, అందులో నిర్ణాయకమైన ఏడో ఆట. రెడ్ సాక్స్ 3-0తో ముందున్నారు. ఆరో ఇన్నింగ్స్‌లో సిన్సినాటి బ్యాటర్ టోనీ పెరెజ్‌కు లీ తన నెమ్మది బంతి వేశాడు. పెరెజ్ ఓపిక పట్టి, అది దిగేదాకా ఆగి, గోడ మీదుగా బయటికి పంపాడు. రెండు పరుగులు. చివరికి సిన్సినాటి 4-3తో గెలిచింది. 1918లో టైటిల్ గెలిచిన రెడ్ సాక్స్ మళ్లీ గెలిచింది 2004లోనే. సినిమాలో మనం చూసే మనుషులు ఆ ఎడారి మధ్యలో బతికినవాళ్లు, ఓటమిని వంశపారంపర్యంగా అందుకున్నవాళ్లు. ఆ ముసలాయన వాళ్ల మైదానంలోకి నడిచి వచ్చి మళ్లీ ఆ బంతే ఎత్తి వేస్తుంటే, అక్కడి ప్రేక్షకుడికి ఏమనిపించి ఉంటుందో ఊహించుకోవలసిందే.

పెద్ద నటులు ఎవరైనా ఉన్నారా?

పోస్టరు మీద పేరు చూసి టికెట్ కొనే నటులు లేరు. వినదగిన గొంతులున్నాయి. రేడియోలో వినిపించే వ్యాఖ్యాత గొంతు డాక్యుమెంటరీ దిగ్గజం ఫ్రెడరిక్ వైజ్‌మన్‌ది. బోస్టన్‌లో పుట్టిన ఈయన 1967 నుంచి తీసిన డాక్యుమెంటరీల్లో ఎక్కడా వ్యాఖ్యానం వాడలేదు. అలాంటి మనిషి చేత రేడియో వ్యాఖ్యానం చెప్పించడం లండ్ కొంటెతనం. మరోవైపు 1983 నుంచి 2024 దాకా రెడ్ సాక్స్ ఆటలకు నిజంగా రేడియో వ్యాఖ్యానం చెప్పిన జో కాస్టిగ్లియోన్ చేత పిజ్జా బండి నడిపించాడు.

ఆడవాళ్లు లేరా?

దాదాపు లేరు. ఒక ఆటగాడి కుటుంబం కాసేపు చూసి వెళ్లిపోతుంది. అందుకు సినిమాను తప్పుపట్టేవారున్నారు, నేను పట్టను. ఆదివారం పొద్దంతా ఒక మగాడు బంతి వెంట తిరుగుతుంటే ఇంట్లో పని ఎవరు చేస్తున్నారన్న ప్రశ్న ఎడ్‌ను లాక్కుపోయే సన్నివేశంలోనే ఉంది. దాన్ని మరికాస్త సాగదీసి ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది.

నెమ్మదిగా ఉంటుందట. బోర్ కొడుతుందా?

కొట్టవచ్చు. మొదటి ఇరవై నిమిషాల్లో ఎవరు ఏ జట్టో తెలియదు, అందరూ టోపీలు పెట్టుకుని ఒకేలా ఉంటారు. పేర్లు గుర్తుపెట్టుకోవాలని తంటాలు పడకండి. గల్లీ మైదానం పక్కన ఆగి, తెలియని జట్ల ఆట ఓ గంట చూసే అలవాటు మీకుంటే ఈ సినిమా మీదే. ఫోను పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం చేతికి ఏమీ దొరకదు.

పాత రోజులే బంగారం అనే రకమా?

నేనూ అదే భయంతో మొదలుపెట్టాను. 1990లంటే తెర మీద పాత పాటలు, పాత బొమ్మలు కుమ్మరించి ‘గుర్తుందా?’ అని మోచేత్తో పొడిచే సినిమాలు ఎన్నో వచ్చాయి. లండ్ ఆ పని చేయలేదు. ఆ దశాబ్దంలో అతనికి పనికొచ్చింది ఒక్కటే: ఎవరి జేబులోనూ ఫోను లేదు, మైదానంలో ఉన్న మనిషి మైదానంలోనే ఉంటాడు. పైగా ఈ ఆటగాళ్లేమీ మహానుభావులు కారు. బీరు తాగుతారు, బూతులు మాట్లాడతారు, సణుగుతారు. చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేది కాదు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు ఇందులో ఏముంది?

మీలో చాలామంది శని, ఆదివారాల్లో పార్కుల్లో క్రికెట్ ఆడుతున్నారు. కొన్నిచోట్ల అది బేస్‌బాల్ మైదానాల పక్కనే. మీరు వికెట్లు పాతుకుంటున్న గడ్డికి అవతల, కంచె వెనక ఒక ముసలి జట్టు ఆడుతుంటే ఈసారి ఒక ఇన్నింగ్స్ నిలబడి చూడండి. పక్కన పెన్సిల్‌తో రాస్తున్న మనిషి ఉంటే అతని పక్కన నిలబడండి, ఆట త్వరగా అర్థమవుతుంది.

ఇంతకీ ఎవరు గెలుస్తారు?

చెప్పనన్నాను కదా. ఆఖరి పరుగు ఎలా వస్తుందో చూశాక మీరే ‘ఇంతేనా?’ అంటారు. వాళ్లూ అంతే అనుకుని సామాను సర్దుకోవడం మొదలుపెడతారు.